బైబిల్ అధ్యయనం, వ్యాఖ్యానం: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ కొత్తగా చేతపట్టినవారు, ఏళ్లతరబడి చదువుతున్నవారు మళ్లీమళ్లీ అడిగే సందేహాలు ఇవి. చదువు సాగే దశలను బట్టి అమర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసినచోటికి నేరుగా వెళ్లవచ్చు. మా గమనింపులో తప్పుడు భాష్యాలు చాలావరకు గ్రీకు రాకపోవడం వల్ల పుట్టవు. ఒక్క వచనం దగ్గర మొదలుపెట్టి, ఆ వచనం దగ్గరే ఆగిపోవడం వల్ల పుడతాయి.

## మొదలుపెట్టే ముందు

బైబిల్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదికాండం నుంచి వరుసగా చదవాలా?

వరుసగా చదవడంలో తప్పు లేదు. కానీ అలా మొదలుపెట్టినవారు చాలామంది నిర్గమకాండం 25వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారం కొలతలు వచ్చేసరికి నెమ్మదిస్తారు, లేవీయకాండంలో బలుల దగ్గర ఆగిపోతారు. కథ ఎటు పోతోందో తెలియకుండా ఆ కొలతలు చదవడం కష్టమే.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే. కూర్చున్న చోటి నుంచి లేవకుండా గంటన్నరలో పైకి చదివేయవచ్చు. తర్వాత ఆదికాండం, నిర్గమకాండం 1–20, లూకా సువార్త, దానికి కొనసాగింపుగా వచ్చిన అపొస్తలుల కార్యములు, ఆపైన 4 అధ్యాయాల ఫిలిప్పీ పత్రిక. ఇవి అయ్యాక లేవీయకాండం తెరిస్తే, పరిశుద్ధుడైన దేవుడు పాపులైన ప్రజల మధ్య ఎలా నివసిస్తాడన్న ప్రశ్నకు ఆ బలులన్నీ జవాబు చెబుతున్నాయని తెలుస్తుంది.

ఏ అనువాదం మంచిది? ఒక్కటి సరిపోదా?

రోజూ చదువుకోవడానికి ఒక్కటి చాలు. అధ్యయనానికి రెండు ఉంచుకోండి: మూలంలోని మాటల వరుసకు వీలైనంత దగ్గరగా ఉండేది ఒకటి, నేటి వాడుక భాషలో భావం చెప్పేది ఒకటి. రెండూ ఒకే మాట చెబితే ముందుకు సాగండి. తేడా వచ్చినచోట గీత పెట్టుకోండి. మూలంలోనే రెండు విధాలుగా అర్థమయ్యే మాట ఉండవచ్చు, లేదా చేతిరాత ప్రతుల మధ్య తేడా ఉండవచ్చు. మనకు నచ్చిన భావం దొరికేదాకా అనువాదాలు మారుస్తూ పోవడం మాత్రం అధ్యయనం కాదు.

నాకు గ్రీకు, హీబ్రూ రావు. నేను సరిగా అర్థం చేసుకోగలనా?

చేసుకోగలరు. పాత నిబంధన ఎక్కువ భాగం హీబ్రూలో, దానియేలు 2:4–7:28, ఎజ్రాలో కొన్ని భాగాలు అరామిక్‌లో, క్రొత్త నిబంధన గ్రీకులో ఉన్నాయి. ఒక పత్రికలో వాదన ఎలా నడిచింది, ఒక కథ ఎక్కడ మలుపు తిరిగింది అన్నవి మంచి అనువాదంలో కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

భాష రాకపోవడం కంటే కొద్దిగా వచ్చినప్పుడే ప్రమాదం ఎక్కువ. ‘నన్ను ప్రేమించుచున్నావా?’ అని యేసు పేతురును అడిగే యోహాను 21:15–17లో ప్రేమకు రెండు గ్రీకు మాటలున్నాయని, ఒకటి దైవప్రేమ, రెండోది కేవలం స్నేహమని తరచుగా వింటాం. అదే యోహాను, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని 3:35లో ఒక మాటతో, 5:20లో రెండో మాటతో రాశాడు. నిఘంటువు తెరిచే ముందు, ఆ రచయిత అదే మాటను ఇంకెక్కడ ఎలా వాడాడో చూడండి.

అధ్యాయాలు, వచనాల సంఖ్యలు మూలంలోనే ఉన్నాయా?

లేవు. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌కు చెందిన మత పండితుడు స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. క్రొత్త నిబంధన వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో అచ్చువేసిన గ్రీకు ప్రతి నుంచి వచ్చాయి. వెతుక్కోవడానికి ఇవి ఎంతో మేలు, కానీ కొన్నిచోట్ల విషయాన్ని మధ్యకు కోసేస్తాయి. యెషయా 53 నిజానికి 52:13 దగ్గర మొదలవుతుంది. 1 కొరింథీయులకు 11:1 అంతకుముందు అధ్యాయపు ముగింపు వాక్యం.

పేరాల మీద ఉండే శీర్షికలు కూడా ప్రచురణకర్తలు పెట్టినవే. కీర్తనల పైన ఉండే ‘దావీదు కీర్తన’ వంటి పాత శీర్షికలు మాత్రం హీబ్రూ ప్రతుల్లోనే ఉన్నాయి.

కాథలిక్ బైబిల్‌లో పుస్తకాలు ఎక్కువ ఎందుకున్నాయి?

ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66, కాథలిక్ బైబిల్‌లో 73. తేడా అంతా పాత నిబంధనలోనే. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటి గ్రంథాలు యూదుల హీబ్రూ సంపుటిలో లేవు, ప్రాచీన గ్రీకు అనువాదంలో ఉన్నాయి. 1546లో కాథలిక్ సంఘపు ట్రెంట్ మహాసభ వాటిని లేఖనంగా ధ్రువీకరించింది. ప్రొటెస్టెంట్లు హీబ్రూ జాబితాను అనుసరించారు. క్రొత్త నిబంధన 27 పుస్తకాలు ఇద్దరికీ ఒకటే.

## చదువుతున్నప్పుడు

‘సందర్భం చూడు’ అంటారు. ఎన్ని వచనాలు వెనక్కి వెళ్లాలి?

వచనాల లెక్కతో తేలేది కాదు, గ్రంథం స్వభావాన్ని బట్టి ఉంటుంది. పత్రికల్లో ‘కాబట్టి’, ‘ఎందుకనగా’ కనిపిస్తే అవి దేన్ని పట్టుకుని వచ్చాయో దొరికేదాకా వెనక్కి వెళ్లాలి. కథల్లో స్థలమో, సమయమో, మనుషులో మారిన చోట దృశ్యం మొదలవుతుంది. అక్కడి నుంచి చదవాలి. కీర్తన అయితే మొత్తం కీర్తన. ప్రవక్తల్లో ‘యెహోవా సెలవిచ్చునదేమనగా’ అన్న మాట సాధారణంగా కొత్త ప్రవచనానికి గుమ్మం.

వెనక్కి వెళ్తే ఏం మారుతుందో చూడండి. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ (ఫిలిప్పీ 4:13) అన్నది పరీక్షల్లోనో పోటీల్లోనో గెలుపు గురించి అనుకుంటాం. ముందున్న 11, 12 వచనాల్లో పౌలు ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. పైగా రాస్తున్నది బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి. ఆ ‘సమస్తము’లో లేమిని భరించడం కూడా ఉంది. ‘ఇద్దరు ముగ్గురు నా నామమున కూడియుండు చోట’ (మత్తయి 18:20) అన్న మాట ప్రార్థన కూటానికి తక్కువమంది వచ్చినప్పుడు చెప్పుకునే ఓదార్పు అయిపోయింది. 15వ వచనం నుంచి చదివితే అక్కడి విషయం తప్పు చేసిన సహోదరుణ్ణి సరిదిద్దడం, ఇద్దరు ముగ్గురు సాక్షులు. ప్రకటన 3:20లో తలుపు దగ్గర నిలబడి తట్టడం కూడా లవొదికయ సంఘానికి రాసిన లేఖలోనిది. ఆ పిలుపు ముందుగా అప్పటికే సంఘంగా ఉన్నవారికి.

ఒక భాగాన్ని అధ్యయనం చేయడానికి పద్ధతి ఏమిటి? వరుసగా చెప్పండి.

లూకా 15 తీసుకుందాం. గంట సమయం, ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. వ్యాఖ్యాన గ్రంథం మూసే ఉంచండి.

1. మొత్తం అధ్యాయాన్ని మూడుసార్లు చదవండి, ఒకసారైనా పైకి చదవండి.
2. ఎవరు, ఎవరితో, ఎందుకు మాట్లాడుతున్నారో రాయండి. మొదటి రెండు వచనాల్లోనే ఉంది: యేసు పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతున్నారు. ఆ సణుగుడుకే ఈ కథలు జవాబు.
3. మళ్లీమళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి. తప్పిపోవడం, దొరకడం, సంతోషించడం.
4. నిర్మాణం చూడండి. 100 గొర్రెల్లో ఒకటి, 10 నాణేల్లో ఒకటి, ఇద్దరు కుమారుల్లో ఒకడు. మొదటి రెండు కథలూ సంబరంతో ముగుస్తాయి. మూడో కథ ముగింపులో పెద్ద కొడుకు ఇంకా ఇంటి బయటే ఉన్నాడు. లోపలికి వచ్చాడో లేదో చెప్పలేదు.
5. ముఖ్య విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. రెండో వచనంలో సణిగినవారికి ఆ వాక్యం తగలకపోతే మళ్లీ రాయండి.
6. ఇప్పుడు వ్యాఖ్యానం తెరిచి, మీరు చూడనిది ఏముందో చూడండి.
7. చివరగా, చిన్న కొడుకు స్థానంలో మాత్రమే కాకుండా పెద్ద కొడుకు స్థానంలో నిలబడి ఆ అధ్యాయం మిమ్మల్ని ఏం అడుగుతోందో రాసుకోండి.

చాలామంది 11వ వచనంలో మొదలుపెట్టి 24లో ఆపేస్తారు. అందుకే ఆ ఉపమానం తిరిగివచ్చిన కొడుకు కథగా మాత్రమే మిగిలిపోతోంది.

మీకు హాని కాదు, సమాధానం, నిరీక్షణ ఇవ్వడమే నా ఉద్దేశమన్న యిర్మీయా 29:11 నాకిచ్చిన వాగ్దానం కాదా?

నేరుగా మీకు రాసినది కాదు. క్రీ.పూ. 597లో యెహోయాకీను రాజుతోపాటు బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారికి యిర్మీయా పంపిన లేఖలోని మాట అది. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. యిర్మీయా లేఖ దానికి పూర్తిగా ఎదురు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, 70 ఏళ్లు పడుతుంది. అంటే 11వ వచనం విన్న పెద్దవాళ్లు ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూడకుండానే చనిపోవలసినవారు.

ఆ మేలైన ఉద్దేశం ఒక జనాంగానికి, తరాల పొడవునా సాగేది. దీనిలో మనకు ఏమీ లేదనడం కూడా పొరపాటే. శిక్షలో ఉన్న ప్రజలను సైతం విడిచిపెట్టని దేవుడి స్వభావం మారలేదు. ఆయన మేలు ఆలస్యంగా, మన కళ్లముందు కాకుండా కూడా రావచ్చని ఈ లేఖ నేర్పుతుంది. ఉద్యోగం ఈ నెలలోనే వస్తుందని మాత్రం ఈ వచనం ఎవరికీ చెప్పలేదు. బాధలో ఉన్నవారికి అలా చెప్పి పంపితే, అది జరగనప్పుడు వాళ్లు అనుమానించేది మన భాష్యాన్ని కాదు, దేవుణ్ణి.

బైబిల్‌లో ఉన్న ప్రతి మాటా దేవుడు చెప్పిందే కదా? ఎవరు అన్నారో చూడాల్సిన అవసరం ఏముంది?

లేఖనమంతా దైవావేశంవల్ల కలిగినదని నమ్మడం వేరు, లేఖనంలో మాట్లాడే ప్రతివ్యక్తినీ దేవుడు సమర్థించాడనడం వేరు. నీ ఆరంభం కొద్దిదైనా నీ అంతం మహాభివృద్ధి పొందుతుందన్న యోబు 8:7 వాగ్దాన వచనంగా ఎన్నో గోడల మీద కనిపిస్తుంది. అన్నది యోబు స్నేహితుడు బిల్దదు. నీ పిల్లలు చేసిన పాపానికే వాళ్లు పోయారని, అంతకు మూడు వచనాల ముందే, బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రితో అన్నవాడు అతనే. యోబు 42:7లో దేవుడు ఆ స్నేహితులు తనను గురించి యుక్తమైనది పలకలేదని కోపించాడు. వాళ్ల మాటల్లో నిజం ఏమీ లేదని కాదు. నిజమైన సూత్రాన్ని తప్పు మనిషికి అంటగట్టారు.

కథల్లో భక్తులు చేసినట్టే మనమూ చేయాలా? గిద్యోనులా గుర్తు అడగవచ్చా?

కథ ముందుగా జరిగినది చెబుతుంది. అది అనుసరించవలసినదో కాదో తేల్చడానికి మూడు చూడండి: రచయిత దాన్ని మెచ్చుకున్నాడా, ఫలితం ఏమైంది, లేఖనంలో మరోచోట అదే విషయం మీద సూటిగా బోధ ఉందా. న్యాయాధిపతులు 6:14–16లో గిద్యోను అప్పటికే దేవుడి ఆజ్ఞ విన్నాడు. 36వ వచనంలో ‘నీవు సెలవిచ్చినట్లు’ అని అతనే ఒప్పుకుంటూ, గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచాడు. దేవుని చిత్తం తెలుసుకునే పద్ధతి అక్కడ లేదు, భయపడేవాణ్ణి దేవుడు ఓర్చుకోవడం ఉంది. గెలిచి వస్తే ఇంట్లోంచి తనకు ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానన్న యెఫ్తా మొక్కుబడి గురించి ఆ గ్రంథం ఎక్కడా ఆదర్శమని అనలేదు.

సామెతలు వాగ్దానాలా? పిల్లల్ని సరిగా పెంచినా దారితప్పితే, బాలుడికి నడవవలసిన త్రోవ నేర్పితే పెద్దయ్యాక దాన్నుంచి తొలగిపోడన్న 22:6 అబద్ధమా?

సామెత సాధారణంగా లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది, ప్రతిసారీ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వదు. 26:4లో మూఢుడికి వాడి మూఢత చొప్పున జవాబివ్వవద్దు, వెంటనే 26:5లో ఇవ్వమని ఉంది. ఏది ఎప్పుడు పనికొస్తుందో తెలుసుకోవడమే జ్ఞానమని ఆ గ్రంథం వాటిని పక్కపక్కనే ఉంచింది. బిడ్డ దారితప్పిన తల్లిదండ్రుల మీద 22:6ను తీర్పులా ప్రయోగించకండి.

ఉపమానంలో ప్రతి వివరానికీ ఒక అర్థం ఉంటుందా?

సాధారణంగా ఉండదు. మంచి సమరయుని కథలో గాయపడినవాడు ఆదాము, దొంగలు అపవాది, అతని దూతలు, సత్రం సంఘం, సత్రపువాడు పౌలు అని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్ వివరించాడు. భక్తి ఉన్న వివరణే. కానీ లూకా 10:29లో ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ‘నా పొరుగువాడెవడు?’ అన్న ప్రశ్న దానిలో మాయమైపోతుంది. యేసు 36వ వచనంలో ఆ ప్రశ్ననే తిప్పి అడిగి, ‘నీవును ఆలాగు చేయుమని’ పంపాడు.

ముందుగా ఉపమానం ఏ ప్రశ్నకు లేదా ఏ సణుగుడుకు జవాబుగా వచ్చిందో కనుక్కోండి. వివరాలకు అర్థం ఉంటే యేసే చెబుతాడు. విత్తువాని ఉపమానంలో (మార్కు 4:14–20) చెప్పాడు కూడా. విధవరాలి వేధింపు భరించలేక తీర్పు చెప్పిన అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథలో (లూకా 18:1–8) ఆ న్యాయాధిపతిని దేవుడిగా చూస్తే కథే తలకిందులవుతుంది. అక్కడున్నది పోలిక కాదు, తేడా.

## చిక్కుముడుల దగ్గర

పౌలు విశ్వాసం అంటాడు, యాకోబు క్రియలంటాడు. ఎవరు కరెక్ట్?

రోమా 3:28, యాకోబు 2:24 పక్కపక్కన పెడితే విరుద్ధంగానే వినిపిస్తాయి. ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు, కానీ అతని జీవితంలో వేరువేరు చోట్ల నిలబడి. ఆదికాండం 15లో అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. సున్నతి 17వ అధ్యాయంలో, అతనికి 99 ఏళ్లప్పుడు జరిగింది. కాబట్టి సున్నతి లేని అన్యజనులు కూడా విశ్వాసంతోనే అంగీకరించబడతారని రోమా 4లో పౌలు వాదన. యాకోబు 22వ అధ్యాయానికి వెళ్లి, ఇస్సాకును అర్పించినప్పుడు ఆ విశ్వాసం నిజమని తేలిందంటాడు. అతని ఎదుట ఉన్నది నోటిమాట విశ్వాసం. దయ్యాలూ అలాగే నమ్ముతాయని 2:19లో చెప్పాడు. ఇద్దరు రచయితలు ఢీకొన్నట్టు అనిపిస్తే, వాళ్లు ఎవరితో వాదిస్తున్నారో ముందు రాసుకోండి.

పొరుగువాణ్ణి ప్రేమించమన్న లేవీయకాండం 19:18 పాటిస్తాం, రెండు రకాల దారాల బట్ట వేసుకోవద్దన్న 19:19 వదిలేస్తాం. ఏ హక్కుతో?

ఇది న్యాయమైన ప్రశ్న. క్రైస్తవులందరూ ఒకే జవాబివ్వరు. నైతిక, ఆచార, పౌర చట్టాలుగా విభజించి మొదటివి మాత్రం నిలిచాయనడం ఒక పాత పద్ధతి. 1646 నాటి ప్రొటెస్టెంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ఆ దారిలోనే ఉంది. లేవీయకాండం తనంతట తాను అలా విభజించుకోలేదన్నది దానిమీద ఉన్న అభ్యంతరం. మరికొందరు క్రొత్త నిబంధన ఆ ఆజ్ఞను ఏం చేసిందో చూస్తారు. పొరుగువానిని ప్రేమించడాన్ని యేసు, పౌలు, యాకోబు ముగ్గురూ మళ్లీ ఆజ్ఞాపించారు. బలులు క్రీస్తులో నెరవేరాయని హెబ్రీ పత్రిక చెప్పింది. రెండు రకాల దారాల బట్ట మాట మళ్లీ రాలేదు.

రెండో పద్ధతే నమ్మదగినదని మా అభిప్రాయం. అయితే నెరవేరిన ఆజ్ఞను కూడా చదవకుండా దాటేయకండి. పొలం అంచులు బీదలకు వదలమన్న 19:9–10 దేవుడు ఎవరి పక్షాన చూస్తాడో ఇప్పటికీ చెబుతోంది.

కొన్ని వచనాలు బ్రాకెట్లలో ఎందుకున్నాయి? బైబిల్‌ను మార్చేశారా?

అచ్చు రాకముందు బైబిల్‌ను చేత్తో రాశారు, ప్రతుల మధ్య తేడాలు వచ్చాయి. 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతుల్లో మార్కు సువార్త 16:8తో ముగుస్తుంది, 9–20 వచనాలు లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 7:53–8:11) అతి పాత ప్రతుల్లో లేదు, కొన్ని ప్రతుల్లో లూకా 21 తర్వాత ఉంది. బ్రాకెట్లు పెట్టినవారు దాచడానికి పెట్టలేదు, చూపించడానికి పెట్టారు. తేడాల్లో అత్యధికం అక్షరదోషాలు, మాటల వరుస మార్పులు. 1947 నుంచి మృత సముద్రం దగ్గరున్న కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లోని యెషయా ప్రతి, అప్పటిదాకా తెలిసిన హీబ్రూ ప్రతులకంటే సుమారు 1000 ఏళ్లు పాతది. పోల్చి చూస్తే సందేశం అదే. బ్రాకెట్లలోని వచనం ఒక్కదానిమీదే ఏ బోధనూ నిలబెట్టకుండా ఉంటే చాలు.

ప్రకటన గ్రంథాన్ని ఈనాటి వార్తలతో పోల్చి చదవాలా?

ముందు దాన్ని అందుకున్న ఆసియాలోని ఏడు సంఘాల చెవులతో వినండి. కొన్ని సంకేతాలకు గ్రంథమే అర్థం చెప్పింది: దీపస్తంభాలు సంఘాలు (1:20), ధూపద్రవ్యాలు పరిశుద్ధుల ప్రార్థనలు (5:8), జలములు జనములు (17:15). మిగతావాటికి తాళంచెవి పాత నిబంధనలో ఉంది. 13:2లోని మృగంలో చిరుతపులి, ఎలుగుబంటి, సింహం కలిశాయి. అవి దానియేలు 7లోని మృగాలే. దానియేలు, యెహెజ్కేలు, జెకర్యా చదవకుండా ఈ గ్రంథం తెరవడం వల్లే వార్తల్లోకి పరుగెత్తవలసి వస్తోంది.

లెక్కలు కట్టి తేదీ చెప్పినవారు ఇంతవరకు తప్పుతూనే వచ్చారు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ ఉద్యమంలో 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసిన వేలమంది గుండె పగిలింది. ఏడు సంఘాలకు ఏ అర్థమూ ఇవ్వని వివరణ మీ ముందుకు వస్తే దాన్ని పక్కన పెట్టండి.

## అన్వయించేటప్పుడు, ఇతరులతో కలిసి చదివేటప్పుడు

పరిశుద్ధాత్మ బోధిస్తాడు కదా, వ్యాఖ్యానాలు ఎందుకు?

ఆత్మ బోధకులనూ ఇచ్చాడు. నెహెమ్యా 8:8లో లేవీయులు గ్రంథం చదివి జనానికి అర్థం చెప్పారు. అపొస్తలుల కార్యములు 8:31లో ఐతియొపీయుడు ఎవడైనా త్రోవ చూపకపోతే ఎలా గ్రహిస్తానన్నాడు. పౌలు పత్రికల్లో గ్రహించడానికి కష్టమైనవి ఉన్నాయని 2 పేతురు 3:16 ఒప్పుకుంటుంది. ప్రార్థించండి, మీరే చదవండి, రాసుకోండి, ఆ తర్వాత వేరువేరు సంప్రదాయాల వ్యాఖ్యానాలు రెండు చూడండి. ఇరవై శతాబ్దాల్లో ఎవరికీ తోచని అర్థం మీకు తోచిందంటే, అది దేవుడు బయలుపరచినది అనుకునే ముందు భాగాన్ని మళ్లీ చదవండి.

ఆనాటి ఆజ్ఞను ఈనాటి జీవితానికి ఎలా తేవాలి?

ద్వితీయోపదేశకాండం 22:8 కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టమంటుంది. అప్పటి ఇళ్లకు చదునైన కప్పులు, మనుషులు అక్కడ తిరిగేవారు. ఆజ్ఞ అక్కడ చేసిన పని: ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తం ఇంటివాడి మీద ఉంటుందని హెచ్చరించడం. దాని వెనకున్న సూత్రం: నా స్థలంలో అడుగుపెట్టినవాడి ప్రాణానికి నేను బాధ్యుణ్ణి. ఇప్పుడు అది మూతలేని గుంతకూ, తెగిన కరెంటు తీగకూ, పనివాళ్ల భద్రతకూ వర్తిస్తుంది. సూత్రాన్ని మరీ పైకి తీసుకెళ్లి ‘అందరినీ ప్రేమించాలి’ దగ్గర ఆపితే గోడ ఎవరూ కట్టరు.

గుంపుగా చదివేటప్పుడు ‘నాకైతే ఇలా అనిపిస్తోంది’ దగ్గరే ఆగిపోతున్నాం. ఏం చేయాలి?

నడిపేవారు ఒకే ప్రశ్నను అలవాటు చేయాలి: ‘ఏ మాట చూసి అలా అనిపించింది?’ చెప్పినవారు వేలుపెట్టి వచనం చూపించాలి. చూపలేకపోతే దానిని ఒక కాగితం మీద రాసి పక్కన ఉంచండి, కించపరచకండి. గంట కూటమైతే మొదటి 10 నిమిషాలు భాగాన్ని పైకి చదవడానికి, 30 నిమిషాలు అక్కడ ఏముందో చూడడానికి, మిగిలిన 20 నిమిషాలే అన్వయానికి. అన్వయంతో మొదలైన కూటం మళ్లీ వాక్యం దగ్గరికి రావడం అరుదు. ఎనిమిదిమంది దాటితే రెండు గుంపులుగా విడిపోండి. మాట్లాడనివారికి చదివే పని ఇవ్వండి.